వాగుకు వైద్యం: వరద మరునాటి మరమ్మతులు, వాటి నియమాలు

"నీరు పల్లమెరుగు" అన్నది అనుభవం మీద పుట్టిన మాట. పల్లం ఎక్కడ ఉన్నదో నీటికి ఎవరూ చెప్పనక్కరలేదు. కాని వరద వచ్చి రోడ్డునూ, వంతెననూ, ఒడ్డునూ కోసుకొనిపోయిన మరునాడు బుల్‌డోజర్‌తో వాగులోకి దిగే మనిషికి మాత్రం ఎంతవరకు తవ్వవచ్చునో, ఎక్కడ ఆగవలెనో ఎవరో ఒకరు చెప్పవలసి ఉంటుంది. ఆ చెప్పడమే నియమం. అవతలి ఒడ్డున రోగి ఉన్నాడు, అంబులెన్సు దాటడానికి దారి లేదు. అటువంటి వేళ నియమాలేమిటని ఎవరైనా విసుగుకొనవచ్చును. ఆ విసుగు సహజమే. అయినా ఆ రెండు మూడు రోజులలో తొందరపడి చేసిన పని తరువాతి వరదకు దారి చూపుతుందని, ఒక ఊరిని కాపాడిన మరమ్మతు దిగువ ఊరిని ముంచగలదని శాస్త్రం చెబుతున్నది. ప్రాణరక్షణకు అడ్డు రాకుండా, నదికి అపకారం జరగకుండా మధ్యేమార్గం చూపడమే ఈ నియమాల ఆశయం.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది దూరపు విషయం కాదు. ఊరి చివర చెట్ల మధ్య, పెరడు వెనుక చిన్న సెలయేరు పారుతున్న ఇల్లు చాలామంది ముచ్చటపడి కొనుక్కుంటారు. ఆ సెలయేరు ఏడాదిలో మూడువందల రోజులు పాదాలు తడిసేటంత నీటితోనే ఉంటుంది. మిగిలిన రోజులలో ఏదో ఒకనాడు పెరటి కంచెను, దానితోబాటు పది అడుగుల నేలను తీసుకొనిపోతుంది. అప్పుడు ఏమి చేయవచ్చును, ఏమి చేయరాదు అన్నది ఇంటి యజమానికీ తెలిసి ఉండవలసిన సంగతే.

ఐరీన్ నేర్పిన పాఠం

ఈ విషయంలో అమెరికా మొత్తం మీద తరచుగా ఉదాహరించబడే రాష్ట్రం వెర్మాంట్. చిన్న రాష్ట్రం, కొండలు, ఇరుకు లోయలు, ఆ లోయలలో నదిని ఆనుకొని రోడ్డు, రోడ్డును ఆనుకొని ఊరు. ఇక్కడి ప్రజలకు వరద కొత్త కాదు. 1927 నవంబరులో వచ్చిన వరద ఆ రాష్ట్రంలో 84 మందిని బలిగొన్నది. మృతులలో నాటి లెఫ్టినెంట్ గవర్నరు కూడా ఒకరు. 1,285 వంతెనలు కొట్టుకొనిపోయినవి.

2011 ఆగస్టు 28న ఐరీన్ తుపాను వెర్మాంట్‌ను తాకింది. అప్పటికి గాలి బలం తగ్గినది గాని వాన బలం తగ్గలేదు. అప్పటికే తడిసి ఉన్న కొండవాలుల మీద ఒక్క పగటిలో అనేకచోట్ల 5 అంగుళాలకు మించి వర్షం కురిసింది. నీరు నేలలోకి ఇంకే వీలు లేక వాగులలోకి దూకింది. 500 మైళ్ళకు పైగా రాష్ట్ర రహదారులు దెబ్బతిన్నవి. వందల సంఖ్యలో వంతెనలు, వెయ్యికి దగ్గరగా ఊరి రోడ్ల కల్వర్టులు పాడైనవి. 1870లో కట్టిన బార్టన్స్‌విల్ కప్పువంతెన విలియమ్స్ నదిలో కూలి కొట్టుకొనిపోయిన దృశ్యాన్ని దేశమంతా టెలివిజన్‌లో చూసింది. పదమూడు ఊళ్ళకు బయటి ప్రపంచంతో రోడ్డు సంబంధం పూర్తిగా తెగిపోయింది. హెలికాప్టర్ల ద్వారా అన్నపానాలు, మందులు చేరవేయవలసి వచ్చింది.

ఆ సమయంలో ఊరి రోడ్ల సిబ్బంది, చిన్న కాంట్రాక్టర్లు, స్వంత ఎక్స్‌కవేటర్ ఉన్న రైతులు ఎవరి పిలుపూ లేకుండానే పనిలోకి దిగారు. రాత్రింబగళ్ళు శ్రమించి కొన్నాళ్ళలోనే తాత్కాలికమైన దారులు వేశారు. వారు లేకుంటే ఆ ఊళ్ళ గతి ఏమయ్యేదో ఊహించడం కష్టం. వారి సేవకు ఎవరూ వంక పెట్టలేరు. అయితే ఆ శ్రమలోనే మరొకటి కూడా జరిగింది. రోడ్డు తెరిచిన యంత్రాలు అక్కడితో ఆగక వాగులోకి దిగాయి. గులకరాళ్ళు ఎత్తి ఒడ్డున కట్టలుగా పోశాయి. మెలికలు తిరిగిన వాగును తిన్నగా చేశాయి. పెద్ద బండరాళ్ళను, పడిపోయిన చెట్లను ఏరివేసి వాగు అడుగును చదునుచేశాయి. ఆ తరువాత రాష్ట్ర మత్స్య, వన్యప్రాణి శాఖ లెక్క వేస్తే సుమారు 77 మైళ్ళ పొడవున వాగులలో జలచరాల నివాసం తీవ్రంగా దెబ్బతిన్నదని తేలింది. ఆ నష్టం వరద చేసినది కాదు. వరద తరువాత మనిషి చేసినది.

వాగు తన కొలతను తానే నిర్ణయించుకుంటుంది

వాగును తిన్నగా, లోతుగా, శుభ్రంగా చేస్తే నీరు త్వరగా పోయి ముంపు తప్పుతుందని ఎవరికైనా తోచడం సహజం. మురికి కాలువ విషయంలో అది నిజమే కావచ్చును. కాని ప్రకృతిసిద్ధమైన వాగు నీటిని మాత్రమే మోసుకొనిపోదు. ఇసుకను, గులకరాళ్ళను, బండలను కూడా మోస్తుంది. నీటి పరిమాణం, వాలు ఒకవైపు. రాళ్ళ పరిమాణం, వాటి రాశి మరొకవైపు. ఈ రెండింటికి మధ్య త్రాసులో వలె సమతౌల్యం ఉంటుందని 1955లో అమెరికన్ ఇంజనీరు ఎమరీ లేన్ సూత్రీకరించాడు. వాలు పెరిగితే త్రాసు ఒకవైపు ఒరుగుతుంది. సమతౌల్యం తిరిగి కుదిరే వరకు వాగు తన అడుగును తానే కోసుకుంటుంది. మోయగలిగినదానికి మించి రాయీ ఇసుకా వస్తే, వాటిని అక్కడే దించి మేట వేస్తుంది.

ఒక చిన్న లెక్క చూడవచ్చును. 1,500 అడుగుల పొడవున మెలికలు తిరుగుతూ వాగు 15 అడుగులు దిగుతున్నదనుకొందాము. అప్పుడు వాలు నూటికి ఒకటి. మెలికలు కోసి దానిని 1,000 అడుగుల తిన్నని కాలువగా మారిస్తే దిగవలసిన 15 అడుగులు మారవు గనుక వాలు నూటికి ఒకటిన్నర అవుతుంది. వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే నీరు కదల్చగల రాతి బరువు ఆ వేగపు ఆరవ ఘాతంతో పెరుగుతుందని భౌతికశాస్త్రంలో పేరుగాంచిన సూత్రం ఒకటి ఉన్నది. అంటే వేగం రెండింతలైతే నీరు కదల్చగల రాయి 64 రెట్లు బరువైనది కావచ్చును. నిన్నటి వరకు కదలని బండ నేడు ఎందుకు దొర్లుతున్నదో, ఇసుక బస్తాల వరుస ఒక్క గడియలో ఎందుకు మాయమవుతున్నదో ఈ సూత్రమే చెబుతుంది.

మరొక సంగతి. వాగు వెడల్పును నిర్ణయించేది వందేళ్ళకొకసారి వచ్చే మహావరద కాదు. సగటున ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి ఒడ్డు నిండుగా పారే ప్రవాహమే ఆ వెడల్పును మలుస్తుందని 1960ల నాటికే నదీశాస్త్రజ్ఞులు గుర్తించారు. అంతకు మించిన నీరు ఒడ్డు దాటి పక్కనున్న వరదమైదానం మీద పరచుకుంటుంది. అక్కడ లోతు తక్కువ, చెట్లు చేమలు ఎక్కువ. కనుక వేగం చచ్చి ఒండ్రు దిగుతుంది. వరదమైదానమంటే నది ఖాళీగా వదిలిన స్థలం కాదు. అది నది గదులలో ఒక గది.

వెర్మాంట్‌లోనే దీనికి గొప్ప నిదర్శనం ఉన్నది. ఐరీన్ నాడు ఆటర్ క్రీక్ అనే నది రట్లండ్ పట్టణం దగ్గర ఉగ్రరూపం దాల్చింది. దానికి దిగువన ఉన్న మిడిల్‌బరీ దగ్గర నీటి ఉద్ధృతి అందులో సగం కూడా లేదు. ఈ రెండు ఊళ్ళ మధ్య విస్తారమైన చిత్తడినేలలు, వరదమైదానాలు ఉన్నవి. అవి నీటిని పట్టి ఉంచి కొన్ని రోజులపాటు మెల్లమెల్లగా వదిలాయి. ఐరీన్ వల్ల మిడిల్‌బరీకి కలుగవలసిన నష్టంలో 84 నుంచి 95 శాతం వరకు ఆ నేలలు తప్పించాయని 2016లో వెర్మాంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అంచనా వేశారు. వాగు పక్కన కట్టలు పోసి నీటిని ఇరుకులో బంధిస్తే పోగొట్టుకొనేది ఈ రక్షణనే.

తొందరలో జరిగే నాలుగు తప్పులు

ఐరీన్ తరువాత ఇంజనీర్లు గమనించిన పొరపాట్లు ఏ దేశంలోనైనా, ఏ వాగులోనైనా జరిగేవే.

మొదటిది, అతిగా తవ్వడం. వరద మేట వేసిన గులకరాళ్ళను వాగు పాత మట్టానికి దించితే సరిపోయేచోట అంతకంటే లోతుకు తవ్వుతారు. తవ్విన గొయ్యి పైఅంచున చిన్న జలపాతం వంటిది ఏర్పడుతుంది. ఆ అంచు విరుగుతూ విరుగుతూ ఎగువకు పాకుతుంది. ఎక్కడో పైనున్న పొరుగు ఊరి వంతెన పునాది బయటపడుతుంది. తవ్వినవాడు ఒకడు, వంతెన పోగొట్టుకొన్నది మరొకడు.

రెండవది, తవ్విన రాళ్ళను ఒడ్డు వెంట కట్టగా పోయడం. నీటికి వరదమైదానం అందకుండా పోతుంది. లోతూ వేగమూ పెరిగిన నీరు ఆ కట్ట ముగిసేచోట మొదటి ఇంటి మీద విరుచుకుపడుతుంది.

మూడవది, అడుగును చదును చేయడం. మడుగులు, బండలు, పడిన చెట్ల మొదళ్ళు నీటి శక్తిని అంచెలంచెలుగా హరిస్తాయి. ట్రౌట్ చేపలు ఎండాకాలంలో చల్లని మడుగులలో తలదాచుకుంటాయి, శరత్తులో గులకరాళ్ళ సందులలో గుడ్లు పెడతాయి. పల్చగా, వెడల్పుగా, మిట్టపల్లాలు లేకుండా పారే నీరు వేసవిలో త్వరగా వేడెక్కుతుంది. అటువంటి వాగు చూపుకు శుభ్రంగా ఉంటుంది. చేపకు మాత్రం ఎడారి.

నాలుగవది, పోయిన కల్వర్టు స్థానంలో అదే కొలత గొట్టాన్ని మళ్ళీ వేయడం. 18 అడుగుల వెడల్పు గల వాగుకు 6 అడుగుల గొట్టం వేస్తే మామూలు రోజులలో ఇబ్బంది కనబడదు. వరదలో ఒక చెట్టు కొమ్మ అడ్డుపడిందంటే ఆ గొట్టం మూసుకొనిపోతుంది, వెనుక నీరు చెరువు కడుతుంది, చివరికి రోడ్డు కట్టనే తెంపుకుంటుంది. దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఐరీన్‌లోనే దొరికింది. వాగు వెడల్పుకు తగినట్టుగా, అడుగున సహజమైన రాతిపరుపు ఉండేట్టుగా గ్రీన్ మౌంటెన్ జాతీయ అటవీప్రాంతంలో అంతకు ముందే కొన్ని దాటుళ్ళు కట్టి ఉన్నారు. చుట్టుపక్కల ఇరుకు కల్వర్టులు విఫలమైనా అవి వరదను తట్టుకొని నిలిచాయి.

నియమం ఏమంటుంది?

ఈ అనుభవంతో వెర్మాంట్ శాసనసభ 2012లో తన చట్టాన్ని సవరించింది. దాని ప్రకారం రూపొందిన వాగుల మార్పిడి నియమావళి 2013 చివర అమలులోకి వచ్చింది. నిత్యం పారే వాగులో ఏడాదికి 10 ఘనగజాలు, అంటే సుమారు ఒక టిప్పరు లారీడు రాయీ మన్నూ కదిలించాలన్నా మామూలు రోజులలో అనుమతి కావలెను. అత్యవసర వేళ మాత్రం ముందుగా ఈ అనుమతి అక్కరలేదు. కాని ఆ మినహాయింపుకు నాలుగు షరతులున్నవి.

ఒకటి: ప్రాణానికి గాని, కట్టడాలున్న ఆస్తికి గాని ముంచుకొచ్చిన ముప్పును తొలగించడానికి ఎంత పని అవసరమో అంత మాత్రమే చేయవలెను. రెండు: ఊరి పాలకవర్గ సభ్యులలో కనీసం ఒకరి ఆమోదం ముందుగా తీసుకొనవలెను. మూడు: 24 గంటలలో రాష్ట్ర నదుల విభాగానికి తెలియజేయవలెను. నాలుగు: అత్యవసరమైనా సరే, పని నియమావళిలోని పద్ధతులకు లోబడి ఉండవలెను.

ఇందులో మొదటి షరతే కీలకం. నియమావళి వరదానంతరపు పనులను రెండుగా విడదీస్తుంది. నేడు ఉన్న ముప్పును తొలగించే పని మొదటి రకం. దానిని వెంటనే చేయవచ్చును. రాబోయే వరద నుంచి రక్షణ కోసం చేసే పని రెండవ రకం. దానికి నదీ ఇంజనీరు అనుమతి కావలెను. దారి తెరవడం మొదటిది. దారి తెరిచిన ఊపులో అర మైలు వాగును సరిచేయడం రెండవది. ఐరీన్ నాడు ఈ రెండింటి మధ్య గీత స్పష్టంగా లేదు.

గీసిన గీత అందరికీ తెలియకపోతే ప్రయోజనం లేదు. అందువల్ల వెర్మాంట్‌లో నదుల విభాగం, రవాణా శాఖ కలిసి ఊరి రోడ్ల సిబ్బందికి, కాంట్రాక్టర్లకు, ఇంజనీర్లకు నదీశాస్త్రంలో అంచెలవారీ శిక్షణ ఇవ్వసాగాయి. నీటి తొట్టెలో ఇసుక పోసి, వాగును తిన్నగా చేస్తే ఏమవుతుందో కళ్ళకు కట్టినట్టు చూపిస్తారు. ఎక్స్‌కవేటర్ నడిపేవాని చేతిలోనే నది భవిష్యత్తు ఉన్నదని గుర్తించడం ఈ శిక్షణలోని గొప్పతనం. 2023 జులైలో రాజధాని మాంట్‌పీలియర్ మునిగిన వరదలోను, సరిగ్గా ఏడాదికి 2024 జులైలో వచ్చిన వరదలోను ఆ రాష్ట్రానికి మళ్ళీ పరీక్షలు ఎదురైనవి. అప్పటికి నియమాలు పుస్తకంలో ఉన్నవి, వాటిని చదివినవారు ఊళ్ళలో ఉన్నారు.

కేంద్ర చట్టం, ఇతర రాష్ట్రాలు

రాష్ట్ర నియమాలకు పైన కేంద్ర చట్టాలున్నవి. 1972 నాటి పరిశుభ్ర జలాల చట్టంలోని 404వ సెక్షను ప్రకారం దేశ జలాలలో మన్నూ రాయీ పోయాలంటే సైనిక ఇంజనీర్ల దళం అనుమతి కావలెను. ఇందులోనూ ఒక మినహాయింపు ఉన్నది. కరకట్టలు, ఆనకట్టలు, రాతి కట్టుబడులు, వంతెన గోడలు వంటి వాడుకలో ఉన్న కట్టడాలు ఇటీవల దెబ్బతింటే, దెబ్బతిన్న భాగాలను అత్యవసరంగా తిరిగి కట్టడానికి ఆ అనుమతి అక్కరలేదు. ఉన్నదానిని ఉన్నట్టు నిలబెట్టడమే దాని హద్దు. పెంచడానికీ మార్చడానికీ అది వర్తించదు. మినహాయింపులో ఇమడని పనికి, మామూలు పద్ధతిలో అనుమతి వచ్చేలోగా ప్రాణహాని గాని, గణనీయమైన ఆస్తినష్టం గాని, అనుకోని తీవ్రమైన ఆర్థిక సంకటం గాని కలిగే పరిస్థితి ఉంటే, అత్యవసర పద్ధతిలో త్వరగా నిర్ణయం తీసుకొనే ఏర్పాటు ఆ దళానికి ఉన్నది.

రాష్ట్రాల తీరు వేరువేరు. సాల్మన్ చేపల రాష్ట్రమైన వాషింగ్టన్‌లో అత్యవసర పరిస్థితి ఉంటే మత్స్య శాఖ అధికారి నోటిమాటగా వెంటనే అనుమతి ఇవ్వవచ్చును. దాని షరతులు 30 రోజులలో కాగితం మీదికి రావలెను. కాలిఫోర్నియాలో అత్యవసర పనిని ముందు మొదలుపెట్టవచ్చును. మొదలుపెట్టిన 14 రోజులలో మత్స్య, వన్యప్రాణి శాఖకు లిఖితపూర్వకంగా తెలియజేయవలెను. బ్రిటన్‌లో ఇంగ్లండు ప్రధాన నదుల మీద అత్యవసర పని చేసినవారు వీలైనంత త్వరగా పర్యావరణ సంస్థకు తెలుపవలెను. పద్ధతులు వేరైనా సూత్రం ఒక్కటే: ముందు ప్రాణం, వెంటనే కబురు, తరువాత లెక్క.

అయితే ఏది అత్యవసరం? ముప్పు ఎదుట కనబడుతూ ఉండవలెను; ఎన్నడో రావచ్చుననే భయం చాలదు. పదేళ్ళుగా కొద్దికొద్దిగా కోతపడుతున్న ఒడ్డును వరద వచ్చిన వారం సరిచేయించుకోవడం అత్యవసరం కాదు; అవకాశం మాత్రమే. నిర్లక్ష్యం వల్ల ఆలస్యమైన పనికి అత్యవసరమనే పేరు పెట్టడాన్ని చట్టాలు సాధారణంగా ఒప్పుకోవు.

మంచి మరమ్మతు ఎలా ఉంటుంది?

అనుభవజ్ఞులైన ఇంజనీర్లు పాటించే క్రమం సులభంగానే అర్థమవుతుంది. యంత్రం దిగేముందు ఫోటోలు తీస్తారు. వరద తాకని ఎగువ భాగంలో వాగు వెడల్పు, లోతు, వాలు కొలిచి వాటినే నమూనాగా తీసుకుంటారు. వీలైనంతవరకు యంత్రాన్ని ఒడ్డు మీదే నిలిపి చేయి మాత్రమే నీటిలోకి చాపుతారు. ఇంధనం నీటికి దూరంగా నింపుతారు. వాగు కొత్త దారి పట్టి ఇంటిని కోస్తున్నప్పుడు మాత్రమే దానిని పాత దారికి మళ్ళిస్తారు. మేట తీయవలసివస్తే వంతెన దగ్గర, కల్వర్టు నోటి దగ్గర, అవసరమైనంత మేరకు తీస్తారు.

ఒడ్డుకు రాతి పేర్పు వేసేటప్పుడు ముఖ్యమైనది పైన కనబడే రాయి కాదు, అడుగున కనబడని రాయి. పాదం వాగు అడుగుకంటే కిందికి దిగి ఉండకపోతే నీరు కిందనుంచి తొలిచి పేర్పునంతా జార్చుతుంది. రాతికీ మట్టికీ మధ్య వడపోత పొర లేకుంటే రాళ్ళ సందులలోనుంచి మట్టి కారిపోతుంది. నున్నని గుండ్రాళ్ళు దొర్లుతాయి. కోణాలున్న గనిరాళ్ళు ఒకదానినొకటి పట్టుకుంటాయి. పేర్పు పైభాగాన విల్లో వంటి స్థానికమైన మొక్కలు నాటితే వాటి వేళ్ళు ఏళ్ళు గడిచేకొద్దీ మట్టిని బిగిస్తాయి. రాయి పోను పోను బలహీనపడుతుంది. చెట్టు పోను పోను బలపడుతుంది.

బుడమేరు గండ్లు

ఈ సందర్భంలో విజయవాడను తలచుకొనని తెలుగువారు ఉండరు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన కుంభవృష్టికి బుడమేరు పొంగింది. వెలగలేరు నుంచి ఆ నీటిని కృష్ణలోకి మళ్ళించే కాలువకు మూడు చోట్ల గండ్లు పడినవి. సింగ్‌నగర్ మొదలైన ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయినవి. అదే సమయంలో కృష్ణ కూడా ప్రకాశం బరాజ్ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదతో నిండి ఉండడం వల్ల మళ్ళింపు కాలువ నీరు నదిలోకి సులభంగా దిగే పరిస్థితి లేకపోయింది.

పారుతున్న గండిని పూడ్చడం ఎంత కష్టమో వేగపు ఆరవ ఘాతాన్ని గుర్తుచేసుకుంటే తెలుస్తుంది. రెండు వైపులనుంచి రాళ్ళు పోస్తూ వచ్చేకొద్దీ మధ్యనున్న ఖాళీ ఇరుకవుతుంది. ఇరుకైనకొద్దీ ప్రవాహవేగం పెరుగుతుంది. కడపట వేసిన రాళ్ళు వేసినట్టే కొట్టుకొనిపోతాయి. విడి రాయి నిలవనిచోట రాళ్ళగుత్తి నిలుస్తుంది. అందుకే మూడవ గండి దగ్గర సైన్యం రంగంలోకి దిగి ఇనుప చట్రాల బుట్టలలో రాళ్ళు నింపి వాడింది. జలవనరుల శాఖ, సైన్యం కలిసి చేసిన కృషి ఫలించి సెప్టెంబరు 7 నాటికి ఆ గండి పూడింది. ఆ తరువాత రాళ్ళ సందులనుంచి ఊరే నీటిని ఆపి, కట్టను బలపరిచే పని మిగిలింది.

బుడమేరు గండికీ వెర్మాంట్ వాగులకూ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. మళ్ళింపు కాలువ గట్టు మనిషి కట్టినది. తెగితే తిరిగి పూర్వపు ఆకారానికే తేవలెను. ప్రకృతిసిద్ధమైన వాగుకు అటువంటి నక్షా లేదు. అది తనంత తాను కుదురుకొనే వీలును మిగల్చవలెను. అయితే రెండింటికీ వర్తించే సత్యం ఒకటి ఉన్నది. వాగు పారే దారిని, పొంగే చోటును ఇళ్ళతో నింపితే ఏ మరమ్మతూ చాలదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనడం ఎప్పటికీ ఖరీదైన వైద్యమే.

నియమానికీ నిధులకూ ఉన్న ముడి

నియమాలు ఖర్చు పెంచుతాయన్న విమర్శ తరచు వినబడుతుంది. కాని అమెరికాలో విపత్తు సాయం చేసే కేంద్ర సంస్థ ఫెమా, పెద్ద విపత్తుగా ప్రకటించినప్పుడు ప్రభుత్వ ఆస్తుల మరమ్మతులో అర్హమైన ఖర్చుకు కనీసం 75 శాతం ఇస్తుంది. పాతదానికంటే పెద్ద కల్వర్టు వేయాలంటే, అంత వెడల్పు ఉండవలెనన్న ప్రమాణం వరదకు ముందే విధిగా అమలులో ఉండవలెను. ఐరీన్ తరువాత వెర్మాంట్‌లో కొన్ని ఊళ్ళు పెద్ద కల్వర్టుల ఖర్చు అడిగినప్పుడు సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. అందరికీ ఒకేవిధంగా వర్తించే లిఖిత నియమం లేదన్న కారణంతో కేంద్రం మొదట నిరాకరించగా, ఊళ్ళు చాలాకాలం వాదించవలసి వచ్చింది. కనుక కాగితం మీద ఉన్న నియమమే చివరికి ఊరికి మంచి వంతెనను సంపాదించిపెడుతుంది. అనుమతి లేకుండా అతిగా చేసిన పనికి సొమ్ము రాకపోవడమే కాక, సరిచేసే ఖర్చు కూడా నెత్తిన పడవచ్చును.

ఇంటి యజమాని తెలుసుకొనవలసినవి

పెరటి సెలయేరు స్వంత నేలలో పారుతున్నా దానిలోని నీరు, చేపలు, పారే దారి సమాజానివి. అందువల్ల ఇల్లు కొనేముందే వరద పటంలో ఆ స్థలం ఎక్కడ ఉన్నదో చూడవలెను. ఆ పటాలు ఎక్కువగా నీట మునిగే ప్రమాదాన్ని చూపుతాయి గాని ఒడ్డు కోతను చూపకపోవచ్చునని కూడా గుర్తుంచుకొనవలెను. సాధారణమైన గృహబీమాలో వరదనష్టం చేరదు. విడిగా తీసుకొనే జాతీయ వరదబీమా సాధారణంగా 30 రోజుల తరువాతగాని అమలులోకి రాదు.

ఒడ్డు తెగినప్పుడు మొదట మనుషులు దూరంగా జరగవలెను. తడిసిన ఒడ్డు చూస్తూ ఉండగానే జారుతుంది. తరువాత ఫోటోలు తీసి, ఊరి కార్యాలయానికీ రాష్ట్ర నదుల విభాగానికీ ఫోను చేయవలెను. పగిలిన సిమెంటు ముక్కలు, పాత ఇటుకలు, కోసిన గడ్డి, చెట్ల కొమ్మలు ఒడ్డున పోయరాదు. అవి ఒడ్డును కాపాడవు. దిగువనున్న కల్వర్టును మూస్తాయి. కాంట్రాక్టరు అనుమతి అక్కరలేదన్నాడని పని ఒప్పుకొనరాదు. చట్టం ముందు బాధ్యత యజమానిదే కావచ్చును. అన్నింటికంటె చవకైన వైద్యం వరదకు ముందు చేసేదే: ఒడ్డు అంచు వరకు గడ్డి కోయకుండా కొన్ని గజాల మేర చెట్లనూ పొదలనూ పెరగనిస్తే, వాటి వేళ్ళ వల ఒడ్డును పట్టి ఉంచుతుంది.

వరదను ఆపడం మనిషి చేతిలో లేదు. వరద వెలిసిన తరువాతి వారం మాత్రం పూర్తిగా మనిషి చేతిలోనే ఉన్నది. ఆ వారంలో ఎంత చేశామన్నదానికంటే ఎక్కడ ఆగామన్నదే ఎగువన ఉన్న వంతెనకూ, దిగువన ఉన్న ఇంటికీ, మడుగులోని చేపకూ ముఖ్యం.